నరసాపుర ప్రాంతపు కొక్కెపుటల్లిక

నరసాపురమునకు చేరువనున్న మాధవాయపాలెము పేరు ఐరోపా వర్తకుల నోట 'మడపొలము'గా మారి, అచ్చట కొనబడిన మెత్తని నూలుబట్టకే పేరై నిలిచినది. గోదావరి పాయలవెంట పాలకొల్లున డచ్చివారును, మాధవాయపాలెమున ఇంగ్లీషువారును, యానామున ఫ్రెంచివారును వర్తకస్థానములు నెలకొల్పుకొనుటకు ముఖ్యకారణము ఈ ప్రాంతపు నేతయే. యానాము 1954 నవంబరు 1వ తేదీన భారతదేశమునకు సంక్రమించినది. కాని పందొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లండు మిల్లుబట్ట వెల్లువెత్తి, ఈ తీరపు బట్టల ఎగుమతి క్షీణించినది. అదే శతాబ్దిలో మరియొక నూలుపని ఈ సీమ స్త్రీల చేతికి వచ్చినది. దానికి మగ్గము లేదు, గుంట లేదు. జానెడైన లేని కొక్కెపు సూది, దారపుండ, ఇవియే సాధనములు.

ఫ్రెంచి భాషలో 'క్రోషే' యనగా చిన్న కొక్కెమని యర్థము. ఒక కన్నులోనుండి మరియొక కన్నును లాగుచుపోవుటయే ఈ పనియంతయు. హాలండులో 1823లోనే 'పెనెలోపె' యను పత్రిక దీని నమూనాలను ప్రకటించినది. 1840 దశకపు ఐర్లండు కరువులో ఇది పేదకుటుంబములకు గంజియైనది. కార్కు ప్రాంతపు సన్యాసినులు బాలికలకు నేర్పి, అల్లిన లేసును అమ్మించిరి. అమెరికాలో ఉన్నితో అల్లు దుప్పటికి 'ఆఫ్ఘన్' అను పేరు ఆ శతాబ్దిలోనే వాడుకకు వచ్చినది. నేడు 'గ్రానీ', అనగా అవ్వ చదరము, అని పిలువబడు అల్లికకు తెలిసినంతలో తొలి ముద్రిత నమూనా 1885లో 'ప్రెయిరీ ఫార్మరు' అను అమెరికా వ్యవసాయపత్రికలో వెలువడినది.

అవ్వ చదరము నడుమనుండి చుట్లుగా పెరుగును. ఒక్కొక్క కంతలో మూడేసి పొడవు కుట్ల జట్టు; మూల కంతలో మాత్రము రెండు జట్లు. ఉంగరమువంటి ముడితో మొదలిడినచో చదరము వచ్చును. దీర్ఘచతురస్రము కావలెనన్న ఉంగరమునకు బదులు గొలుసు అల్లవలెను. గొలుసు చివరి కంతలో మూడు జట్లు చేర్చినచో వాని నడుమ రెండు మూలలు ఏర్పడును. అటుపై రెండవ ప్రక్కను అల్లుకొనుచు తిరిగి రావలయును. ఇందొక చక్కని లెక్క కలదు. ప్రతి చుట్టును నాలుగు ప్రక్కలను సమానముగనే పెంచును గనుక, పొడవునకు వెడల్పునకు గల తేడా మొదటి గొలుసుతోనే స్థిరపడిపోవును. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గల దుప్పటికి రెండడుగుల గొలుసు వేయవలెను. చుట్టునకు అంగుళము చొప్పున పెరిగినచో ఇరువదినాలుగు చుట్లతో పని ముగియును. అయితే పండ్రెండు చుట్లు ముగియునప్పటికి దుప్పటిలో మూడవవంతే పూర్తియగును. తక్కిన రెండు వంతుల దారమును, పొద్దును చివరి పండ్రెండు చుట్లే మ్రింగును. చుట్లు లెక్కించి సగము పని అయినదని తలచువాడు అల్లికపని ఎరుగనివాడే.

దక్షిణదేశమున లేసుపని ప్రవేశించుటకు మిషనరీల భార్యలు కారణము. నాగర్‌కోయిలులో మార్తా మాల్టు 1820 ప్రాంతమున బాలికలకు లేసు నేర్పినది. ఆమె కుమార్తె ఎలైజా, ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణము రచించిన కాల్డ్వెల్లును 1844లో వివాహమాడి, ఆ విద్యను తిరునల్వేలి సీమలోని ఇడయన్‌గుడికి కొనిపోయినది. తెలుగు భాషాచరిత్రకారులు కాల్డ్వెల్లును ఎల్లప్పుడు తలతురు గాని ఆయన యింటి లేసును తలచినవారు అరుదు. అయితే ఆ తమిళసీమలోనిది దిండుపై కదురులు మార్చి అల్లు లేసు, కొక్కెపుపని కాదు.

గోదావరి మండలమున దీనిని స్కాట్లండునుండి వచ్చిన మెక్రే దంపతులు 1844లో నేర్పిరని నరసాపురమున వాడుక. దుమ్ముగూడెపు మిషనులోను లేసుపని నేర్పబడినది. ఐర్లండులో కొక్కెపులేసు వ్యాపించుట ఆ దశకపు నడిమికాలమున గనుక, 1844నాటి చదువు మొదటినుండియు కొక్కెపుదే యనుట కంటె, లేసుపని ముందు వచ్చి కొక్కెము తరువాత దానిలో స్థిరపడినదనుట యుక్తముగా తోచును. తొలుత నేర్చినవారు క్రైస్తవమతము స్వీకరించిన మాల, మాదిగ కుటుంబముల బాలికలు. ఇరువదవ శతాబ్దిలో వర్తకులు ఎగుమతికి పూనుకొనిన పిదప, ఘోషా పాటించు కాపు స్త్రీలును ఇల్లు కదలకయే చేయదగిన పనియని దీనిని చేపట్టిరి.

పని పంచబడినది. పువ్వులను, చదరములను అల్లుట చేతిపని. వానిని కూర్చి దుప్పటిగనో బల్లగుడ్డగనో చేయుట అతుకుపని. దారము వర్తకునిది, నమూనా అతనిది, అంగడి విదేశములది. మారియా మీస్ అను జర్మను సమాజశాస్త్రజ్ఞురాలు ఈ ప్రాంతమును పరిశీలించి 1982లో నరసాపురపు లేసు స్త్రీలనుగూర్చి గ్రంథము ప్రకటించినది. ఆమె కనుగొన్న విషయము కటువైనది: దినమున అనేక గంటలు అల్లు స్త్రీని వర్తకుడును, భర్తయు, తుదకు ఆమెయు, 'తీరికవేళ పని చేయు గృహిణి'గనే ఎంచిరి; అందుచే కూలి పొలముపని కూలికంటెను తక్కువగ నుండెను. తీరికవేళ పనికి గంటల లెక్క యెవరు కట్టుదురు? ఆ లేసు అమ్మగా వచ్చిన విదేశద్రవ్యమునకు మాత్రము లెక్క యుండెను.

యంత్రపు లేసు చౌకగా వచ్చి ఈ అంగడిని కుదించినది. అయినను కొక్కెముతో కన్నులోనుండి కన్ను తీయు అల్లికను యథాతథముగా చేయు యంత్రము నేటికిని వాడుకలో లేదు. 2024లో నరసాపురపు కొక్కెపులేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. అన్యప్రాంతపు సరకును నరసాపురము పేరిట అమ్మకుండ ఆ గుర్తింపు నిరోధింపగలదు. అతుకుపనికి ఎంత, చేతిపనికి ఎంత యని అది నిర్ణయింపదు.