మూడు పాఠాల చిత్రం: ‘క్లోజ్ ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ది థర్డ్ కైండ్’ హోమ్ వీడియో చరిత్ర – ఒక పరిశీలన

సారాంశం

స్టీవెన్ స్పీల్‌బర్గ్ రచనలో, దర్శకత్వంలో 1977లో వెలువడిన ‘క్లోజ్ ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ది థర్డ్ కైండ్’ గ్రహాంతరవాసులతో మానవుల పరిచయాన్ని ఇతివృత్తంగా స్వీకరించిన చిత్రం. దీనికి 1977, 1980, 1998 సంవత్సరాలకు చెందిన మూడు కూర్పులున్నాయి. క్యాసెట్ మొదలుకొని బ్లూ-రే వరకు హోమ్ వీడియో మాధ్యమాలు ఈ కూర్పులలో దేనిని నిలిపాయి, దేనిని మరుగుపరచాయి అన్న విషయాన్ని ఈ వ్యాసం చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది. సినిమా పరిశోధనలో పాఠనిర్ణయం ఎందుకు తప్పనిసరో ఈ ఉదాహరణ ద్వారా నిరూపించడం వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: హోమ్ వీడియో, పాఠభేదం, ప్రామాణిక పాఠం, లేజర్‌డిస్క్, స్పీల్‌బర్గ్, సైన్స్ ఫిక్షన్ చిత్రం

1. ఉపోద్ఘాతం

ప్రాచీన కావ్యాన్ని పరిశోధనాంశంగా తీసుకున్నవారు ముందుగా వేసుకునే ప్రశ్న, ఏ ప్రతి ఆధారంగా చదువుతున్నాం అన్నది. సి. పి. బ్రౌన్ 19వ శతాబ్దంలో ఒకే కావ్యానికి చెందిన పలు ప్రతులను సేకరించి, పండితుల చేత సరిపోల్చించి, శుద్ధప్రతులు సిద్ధం చేయించిన నాటి నుంచి తెలుగు పరిశోధనలో ఈ స్పృహ బలంగా ఉంది. సినిమాను గురించి రాసేటప్పుడు మాత్రం ఈ జాగ్రత్త తరచుగా కనిపించదు. చిత్రం పేరు, దర్శకుని పేరు, విడుదలైన సంవత్సరం చెప్పితే చాలునన్న భావన స్థిరపడింది. ఆ భావన ఎంత ప్రమాదకరమో తెలియజేయడానికి ‘క్లోజ్ ఎన్‌కౌంటర్స్’ తగిన ఉదాహరణ. ఈ చిత్రాన్ని 1985లో క్యాసెట్‌పై చూసినవారు, 1977లో థియేటర్‌లో చూసినవారు చూసినది ఒకే కూర్పు కాదు.

2. 1977: మొదటి పాఠం

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో విద్యుత్ సంస్థ ఉద్యోగి రాయ్ నియరీ ఒక రాత్రి ఆకాశంలో వింత వెలుగులను చూస్తాడు. ఆ తరువాత ఒక కొండ ఆకారం అతని మనసును పట్టి పీడిస్తుంది. ఉద్యోగం పోతుంది, భార్యాపిల్లలు ఇల్లు విడిచి వెళతారు. చివరకు అతడు వ్యోమింగ్‌లోని డెవిల్స్ టవర్ దగ్గరకు చేరి, గ్రహాంతరవాసుల మాతృనౌకలోకి ప్రవేశిస్తాడు. కథ స్థూలంగా ఇదే. చిత్రం పేరు ఖగోళ శాస్త్రవేత్త జె. ఆలెన్ హైనెక్ 1972లో ప్రకటించిన వర్గీకరణ నుంచి వచ్చింది. ఆ వర్గీకరణలో మూడవ రకం పరిచయం అంటే ఆకాశనౌకకు సంబంధించిన జీవులు కూడా కనిపించడం.

ఈ చిత్రానికి భారతదేశంతో ప్రత్యక్ష సంబంధం ఉంది. జనసమూహం ఐదు స్వరాల రాగాన్ని ఆలపిస్తూ, అది ఎక్కడి నుంచి వినిపించిందని అడిగినప్పుడు ఒక్కసారిగా ఆకాశం వైపు చేతులెత్తే సన్నివేశాన్ని 1977లో బొంబాయికి సమీపంలోని హాల్ గ్రామంలో చిత్రీకరించారు. ఫ్రెంచ్ దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫో ఇందులో శాస్త్రవేత్త లకోంబ్ పాత్ర ధరించారు.

చిత్రం 1977 నవంబరులో విడుదలైంది. నిడివి 135 నిమిషాలు. నిర్మాణ సంస్థ కొలంబియా పిక్చర్స్ అప్పటికి ఆర్థిక ఇబ్బందులలో ఉంది. ఎడిటింగ్‌కు మరికొంత వ్యవధి కావాలని దర్శకుడు కోరినా, సంస్థ అందుకు అంగీకరించలేదు. కనుక 1977 పాఠం ప్రేక్షకాదరణ పొందినప్పటికీ, దర్శకుని దృష్టిలో అసంపూర్ణంగానే మిగిలింది. తరువాతి పాఠభేదాలన్నింటికీ మూలం ఇక్కడే ఉంది.

3. 1980: రెండవ పాఠం

చిత్రాన్ని తిరిగి కూర్చుకునే అవకాశాన్ని కొలంబియా కొంతకాలానికి కల్పించింది. అయితే ఒక షరతు విధించింది. మాతృనౌక లోపలి భాగాన్ని ప్రేక్షకులకు చూపించాలి. ప్రచారానికి అది ఉపకరిస్తుంది. ఆ విధంగా 1980లో ‘స్పెషల్ ఎడిషన్’ థియేటర్లలో విడుదలైంది. కొత్త దృశ్యాలు చేరినా, పాతవాటిలో అంతకంటె ఎక్కువ తొలగించడం వలన నిడివి 132 నిమిషాలకు తగ్గింది.

చేర్పులలో ముఖ్యమైనవి మూడు. 1925లో అదృశ్యమైన ‘కోటోపాక్సీ’ అనే నౌక గోబీ ఎడారిలో ప్రత్యక్షమవడం మొదటిది. రాయ్ దుస్తులతోనే స్నానాల గదిలో నీటి కింద కూర్చుని కుమిలిపోగా కుటుంబం భయభ్రాంతమయ్యే ఘట్టం రెండవది. మాతృనౌక అంతర్భాగం మూడవది. తొలగింపులలో ప్రధానమైనది, రాయ్ తన తోటలోని మట్టిని, మొక్కలను, ఇటుకలను కిటికీలోంచి ఇంట్లోకి విసిరి కొండ నమూనాను నిర్మించే సన్నివేశం.

ఈ మార్పులు కథార్థాన్ని నేరుగా తాకుతాయి. 1977 పాఠంలో ఇరుగుపొరుగు చూస్తుండగా ఇల్లు ధ్వంసమవుతుంది. భార్య పిల్లలను తీసుకుని వెళ్లిపోవడానికి అది ప్రత్యక్ష కారణం. 1980 పాఠంలో ఆ బహిరంగ విధ్వంసం స్థానాన్ని నాలుగు గోడల మధ్య జరిగే మానసిక పతనం ఆక్రమిస్తుంది. ముగింపులోనూ ఇంతటి భేదమే ఉంది. మొదటి పాఠంలో రాయ్ వెలుగులోకి నడిచిపోతాడు. లోపల ఏమున్నదో ప్రేక్షకుడే ఊహించుకోవాలి. రెండవ పాఠం ఆ ఊహకు అవకాశం లేకుండా చేసింది. మాతృనౌక లోపలి భాగాన్ని చూపించి ఉండవలసింది కాదని స్పీల్‌బర్గ్ తరువాతి కాలంలో పలుమార్లు చెప్పారు.

4. క్యాసెట్ యుగం: రెండు రకాల నష్టం

ఈ చిత్రం తయారైన కాలమే ఇంటింటి వీడియోకు కూడా ఆరంభకాలం. సోనీ బీటామాక్స్ 1975లో, జేవీసీ వీహెచ్ఎస్ 1976లో జపాన్ విపణిలోకి వచ్చాయి. ఇంట్లో టెలివిజన్ కార్యక్రమాలను రికార్డు చేసుకోవడం చట్టవిరుద్ధమని చిత్రసంస్థలు సోనీపై వేసిన దావాను అమెరికా సుప్రీంకోర్టు 1984లో 5–4 ఆధిక్యంతో తిరస్కరించింది. చిత్రసంస్థలు శత్రువుగా భావించిన ఈ యంత్రమే తరువాత వారికి ప్రధాన ఆదాయ వనరు అయింది. బీటామాక్స్‌ను తయారుచేసిన సోనీ సంస్థే 1989లో కొలంబియాను కొనుగోలు చేయడం ఈ చరిత్రలో గమనార్హమైన మలుపు.

క్యాసెట్‌పై ‘క్లోజ్ ఎన్‌కౌంటర్స్’కు రెండు నష్టాలు వాటిల్లాయి. మొదటిది పాఠానికి సంబంధించినది. 1980ల అంతటా ఇళ్లకు చేరిన కూర్పు ‘స్పెషల్ ఎడిషన్’. చలనచిత్ర చరిత్రలో ప్రసిద్ధి పొందిన 1977 పాఠం సాధారణ ప్రేక్షకునికి అందుబాటులో లేకుండా పోయింది. రెండవది దృశ్యానికి సంబంధించినది. ఈ చిత్రం 2.35:1 నిష్పత్తి గల విశాలపటంపై కూర్చినది. నాటి టెలివిజన్ తెర నిష్పత్తి 1.33:1. విశాలపటాన్ని ఆ తెరకు నిండుగా సరిపెట్టాలంటే చిత్రవైశాల్యంలో సుమారు 43 శాతం కోల్పోక తప్పదు. విల్మోస్ జిగ్మండ్ ఛాయాగ్రహణానికి ఆస్కార్ లభించిన చిత్రంలో, ఆ ఛాయాగ్రహణంలో దాదాపు సగం క్యాసెట్ ప్రేక్షకునికి కనిపించలేదు.

5. లేజర్‌డిస్క్: మూలపాఠ పునరుద్ధరణ

మరుగున పడిన పాఠాన్ని వెలికి తీసినది పెద్ద విపణి గల క్యాసెట్ కాదు, కొద్దిమంది మాత్రమే కొన్న లేజర్‌డిస్క్. క్రైటీరియన్ సంస్థ 1990లో 1977 పాఠాన్ని విశాలపటంతో సహా ప్రచురించింది. సీఏవీ పద్ధతిలో ముద్రించిన డిస్కులో ఒక్కో వైపు 30 నిమిషాలు మాత్రమే పడతాయి. కాని ప్రతి ఫ్రేముకూ ఒక సంఖ్య ఉంటుంది. ఒక వైపున 54,000 ఫ్రేములు. కోరిన ఫ్రేమును నిలిపి, పక్క ఫ్రేముతో సరిపోల్చడం మొదటిసారిగా ఇంట్లోనే సాధ్యమైంది. 1980 నాటి చేర్పులను అనుబంధంగా ఇవ్వడం ఈ ప్రచురణ విశిష్టత. గ్రంథ పరిష్కరణ పరిభాషలో చెప్పాలంటే, మూలపాఠాన్ని పైన ఉంచి, పాఠాంతరాలను పుటాధస్సూచికలో చూపడం వంటిదే ఈ పద్ధతి.

6. 1998: మూడవ పాఠం

స్పీల్‌బర్గ్ 1998లో చిత్రాన్ని మూడవసారి కూర్చారు. నిడివి 137 నిమిషాలు. మట్టిని ఇంట్లోకి విసిరే సన్నివేశం తిరిగి వచ్చింది; కోటోపాక్సీ నౌక, స్నానాల గది ఘట్టం నిలిచాయి; మాతృనౌక అంతర్భాగం తొలగిపోయింది. మొదటి రెండు పాఠాలు థియేటర్ల కోసం పుట్టగా, ఈ పాఠం ప్రధానంగా హోమ్ వీడియో ద్వారానే ప్రచారంలోకి వచ్చింది. 2001లో రెండు డిస్కుల డీవీడీగా వెలువడింది. 2017లో 40 ఏళ్ల సందర్భంగా చిత్రాన్ని 4కే ప్రమాణంలో పునరుద్ధరించి థియేటర్లకు పంపినప్పుడు ఎంచుకున్నది కూడా ఈ మూడవ పాఠమే. అంటే ఇంటి కోసం కుదిరిన పాఠం రెండు దశాబ్దాల తరువాత థియేటర్ పాఠం అయింది. థియేటర్ మూలం, వీడియో దాని నకలు అన్న సాధారణ అభిప్రాయం ఇక్కడ తలకిందులైంది.

7. 2007: పరిష్కృత ప్రచురణ

చిత్రానికి 30 ఏళ్లు నిండిన 2007లో వచ్చిన బ్లూ-రేలో మూడు పాఠాలూ ఒకేచోట చేరాయి. దీనికి తోడ్పడిన సాంకేతిక పద్ధతి సరళమైనది. మూడింటికీ ఉమ్మడిగా ఉన్న భాగాలను డిస్కుపై ఒక్కసారి మాత్రమే నిక్షిప్తం చేస్తారు. భేదమున్న చోట, ప్రేక్షకుడు ఎంచుకున్న పాఠాన్ని బట్టి యంత్రం తగిన శాఖలోకి వెళుతుంది. చూసేవారికి అతుకు కనిపించదు. పరిశోధకునికి మాత్రం ఆ అతుకులే ముఖ్యం. ఆ సంవత్సరమే అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ చిత్రాన్ని జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చింది.

8. ప్రామాణికత: ఏ కర్త అభిప్రాయం?

మూడింటిలో ప్రామాణిక పాఠం ఏది? కర్త చివరి అభిప్రాయమే ప్రమాణమనే సూత్రాన్ని అనుసరిస్తే 1998 పాఠాన్ని స్వీకరించాలి. అయితే ఈ సూత్రం కర్తను మారని వ్యక్తిగా భావిస్తుంది. 1977లో స్పీల్‌బర్గ్ వయసు 30 ఏళ్లు. 1998 నాటికి ఆయన 50 దాటిన, పిల్లలున్న తండ్రి. తండ్రి తన కుటుంబాన్ని విడిచి ఆకాశనౌక ఎక్కే ముగింపును ఇప్పుడైతే రాయనని ఆయనే చెప్పారు. ఆ ముగింపు 1977 నాటి యువకునిది. అప్పటి ప్రేక్షకులు అంగీకరించినదీ దానినే. అందువలన చారిత్రక పరిశీలనకు 1977 పాఠం, నిర్మాణసంస్థ ప్రభావాన్ని అధ్యయనం చేయడానికి 1980 పాఠం, కర్త పునరాలోచనను అంచనా కట్టడానికి 1998 పాఠం ప్రమాణాలవుతాయి. ప్రశ్నను బట్టి ప్రమాణం మారుతుంది. ప్రశ్న ఏదైనా పాఠాన్ని పేర్కొనక తప్పదు.

పాత పాఠాన్ని కాపాడడం అన్ని చిత్రాల విషయంలోనూ జరగలేదు. జార్జ్ లూకాస్ ‘స్టార్ వార్స్’ను 1997లో మార్చిన తరువాత, పాత కూర్పు 2006లో డీవీడీపై వచ్చినప్పుడు కూడా పునరుద్ధరణకు నోచుకోలేదు, 1993 నాటి లేజర్‌డిస్క్ మాస్టరే దానికి ఆధారం. స్పీల్‌బర్గ్ తన ‘ఈ.టీ.’లో 2002లో తుపాకులను వాకీటాకీలుగా మార్చి, 2012 బ్లూ-రేలో మొదటి పాఠానికే తిరిగి వచ్చారు.

9. పరిశోధకునికి కొన్ని సూచనలు

ఏ పాఠాన్ని చూస్తున్నామో డిస్కు అట్టపై ముద్రించిన నిడివిని బట్టి నిర్ణయించడం సరికాదు. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో నడుస్తుంది. భారతదేశంలో వాడుకలో ఉన్న పాల్ పద్ధతి వీడియోలో సాధారణంగా దానిని 25 ఫ్రేముల వేగంతో నడుపుతారు. అందువలన నిడివి 4 శాతం తగ్గుతుంది. 137 నిమిషాల మూడవ పాఠం పాల్ పద్ధతిలో సుమారు 131న్నర నిమిషాలకే ముగుస్తుంది. ఇది 132 నిమిషాల రెండవ పాఠమని పొరబడడానికి అవకాశం ఎక్కువ. కోటోపాక్సీ నౌక ఉన్నదా, మట్టి విసిరే సన్నివేశం ఉన్నదా, నౌక అంతర్భాగం కనిపిస్తున్నదా అన్న మూడు ఆనవాళ్లతో పాఠాన్ని నిర్ధారించుకోవడం క్షేమం.

ఈ సమస్య పరదేశ చిత్రాలకు పరిమితమైనది కాదు. 1957 నాటి ‘మాయాబజార్’ 2010లో రంగులలో విడుదలైనప్పుడు కొంత నిడివి తగ్గింది. పద్యాల గురించి, పాటల గురించి రాసేవారు నలుపు-తెలుపు పాఠాన్ని చూశారా, రంగుల పాఠాన్ని చూశారా అన్నది వారి నిర్ధారణలను మార్చగలదు. చిత్రం పేరుతో పాటు కూర్పు, మాధ్యమం, ప్రచురించిన సంస్థ, సంవత్సరం పేర్కొనడం సినిమా పరిశోధనలో నియమంగా స్థిరపడవలసి ఉంది.

10. ముగింపు

‘క్లోజ్ ఎన్‌కౌంటర్స్’ చరిత్రలో హోమ్ వీడియో మూడు పాత్రలు నిర్వహించింది. క్యాసెట్ మొదటి పాఠాన్ని మరుగుపరచింది. లేజర్‌డిస్క్ దానిని తిరిగి వెలుగులోకి తెచ్చింది. డీవీడీ, బ్లూ-రేలు మూడవ పాఠాన్ని వ్యాప్తిచేసి, చివరకు అన్నింటినీ ఒకచోట చేర్చాయి. దీనిని బట్టి హోమ్ వీడియో సినిమాను భద్రపరిచే పెట్టె మాత్రమే కాదని, ఏ పాఠం జీవించాలో నిర్ణయించే ప్రచురణకర్త అని తెలుస్తున్నది. డిస్కుల వాడకం తగ్గి, ప్రసార వేదికలు ఒక్క కూర్పును మాత్రమే అందించగల నేటి పరిస్థితిలో, పాఠభేదాలను సరిపోల్చడానికి వీలిచ్చే ప్రతులను విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు తాళపత్రాలంత శ్రద్ధతో సేకరించి ఉంచుకోవడం అవసరం.