కోయంబత్తూరు రాకర్లు, మనవాళ్ళ లేతులు

పోయిన వారం మన సంఘం గ్రూపులో ఒక పిల్లవాడు అడిగాడు: పాత మారుతి 800 ఇంజనును రేసుకు తయారు చేస్తున్నాను, అప్పు చేసైనా నీడిల్ బేరింగు రాకర్ ఆర్ములు చేయించనా అని. అందరం దండాలు పెట్టామేగాని జవాబు చెప్పలేదు. మోటారు పని కోయంబత్తూరు తెలుగువాళ్ళకు కొత్తా?

1920లో జి.డి. నాయుడుగారు పొళ్ళాచ్చి–పళని దారిలో ఒక్క బస్సుతో మొదలుపెట్టారు. 1980ల చివర లక్ష్మీ మిల్స్ కుటుంబపు కరివర్ధన్‌గారు ఇదే మారుతి 800 ఇంజను పెట్టి ఒంటి సీటు రేసు కారు కట్టారు. అదే ఫార్ములా మారుతి. అందులో తోలిన నరైన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ దాకా పోయాడు. కరివర్ధన్‌గారు 1995లో విమాన ప్రమాదంలో పోయారు. చెట్టిపాళయం ట్రాకుకు ఆయన పేరే.

ఆ ఇంజను 796 సీసీ, మూడు సిలిండర్లు, ఆరు వాల్వులు. పైన ఒకే క్యాము. రాకర్లకు వేరే బేరింగు లేదు, షాఫ్టు మీద నూనె పొరతోనే ఊగుతాయి. నిమిషానికి 6,000 చుట్ల దగ్గర ఒక్కో వాల్వు సెకనుకు 50 సార్లు తెరుచుకుంటుంది. స్ప్రింగు చాలకపోతే రాకరు క్యామును వదిలి ఎగురుతుంది. మేమూ ఒకసారి ఎత్తు క్యాము వేసి పాత స్ప్రింగులే ఉంచాం. క్యాము ముక్కు, రాకరు ముఖం రెండూ గీరుకుపోయాయి. తప్పు మాదే.

నీడిల్ బేరింగు మంచిదే, కానీ రాకరులో అది పూర్తిగా తిరగదు. కొంచెం ముందుకూ వెనక్కీ ఊగుతుంది, బరువంతా ఎప్పుడూ అవే కొన్ని సూదుల మీద. షాఫ్టు బాగా గట్టిపరచినది కాకపోతే గుంటలు పడతాయి. ఒక్క సూది విరిగినా ఆ ముక్క నూనెలో ఎక్కడ తేలుతుందో! అసలు ఒరిపిడి ఎక్కువగా ఉండేది ఊగే చోట కాదు, క్యాము రాకరును తాకే చోట. అక్కడ రోలరు పెట్టాలంటే క్యాము ఆకారమే మార్చాలి, అది వేరే ఖర్చు.

కాబట్టి మా మాట: ముందు క్యాముకు తగిన స్ప్రింగు, తరువాత టాపెట్ సెట్టింగు, నూనె దారి శుభ్రం, అరిగిన షాఫ్టు మార్పు. అప్పు చేసి బేరింగు వద్దు బాబూ.

ఇంకొక మాట. మన సావనీర్లలో మిల్లుల ఫోటోలే నిండి ఉంటాయి. లేతు ముందు నిలబడి బతికినవాళ్ళు మన ఇళ్ళల్లో ఎందరో, వాళ్ళ పేర్లు ఒక్క పేజీలోనూ లేవు. వచ్చే ఆదివారం ఆ పిల్లవాడు సిలిండర్ హెడ్డును సంఘం హాలుకు తెస్తానన్నాడు. ఆ పని చేసిన పెద్దలు ఫిల్లర్ గేజి పట్టుకుని రండి. మీరు ఏ పట్టడిలో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో మేము రాసిపెడతాం.