మర్యాద రామన్న

మర్యాద రామన్న తెలుగు జానపద కథల్లో చిక్కు తగాదాలు తీర్చే న్యాయాధికారి. తమిళులు మరియాదై రామన్ అంటారు. ఈ కథలు చాలాకాలం నోటిమాటగానే తిరిగి, తర్వాత పిల్లల పుస్తకాల్లోకి ఎక్కాయి. చెప్పేవాళ్లని బట్టి ఊళ్లూ, పేర్లూ, పశువుల లెక్కా మారిపోతుంటాయి. సాక్షి లేని తగాదాలో అబద్ధం ఎవరిదో తేల్చడానికి రామన్న వేసే ఎత్తు మాత్రం మారదు. అలాంటి ఎత్తు ఉన్న కథల్ని అపరాధ పరిశోధన సాహిత్యంలో చేర్చాలి.

వీటిలో మేలైనది నేతి అప్పు కథ. ఒకామెకి ఒక్కటే గేదె. పొరుగింటామెకి పాడి పుష్కలం. ఒంటిగేదె ఆమె రోజూ కాస్త కాస్త దాచిన నెయ్యి పొరుగామెకి అప్పిచ్చింది. తిరిగి అడిగితే, “ఇంత పాడి పెట్టుకుని నీ దగ్గర చెయ్యి చాస్తానా?” అని ఎదురు తిరిగింది. కాగితం లేదు, చూసినవాళ్లు లేరు. విన్నవాళ్లంతా పాడి ఎక్కువున్నామె మాటే నమ్మారు. రామన్న ఇద్దర్నీ బురదలోంచి నడిచి రమ్మన్నాడు. కాళ్లు కడుక్కోడానికి చెరో చెంబు నీళ్లు ఇప్పించాడు. ఒంటిగేదె ఆమె ముందు పుల్లతో బురద గీకేసింది. తర్వాత కొద్దికొద్దిగా నీళ్లు పోసుకుంటూ రుద్దుకుంది. కాళ్లు శుభ్రమయ్యాక కూడా చెంబులో నీళ్లు మిగిలాయి. రెండో ఆమె చెంబెడు నీళ్లూ ఒక్కసారే కుమ్మరించుకుంది. బురద వదల్లేదు, ఇంకో చెంబు కావాలంది. ఎంత పాడి ఉన్నా ఆ చేతిలో నిలవదని తేలింది. నెయ్యి తిరిగివ్వమని తీర్పు చెప్పాడు.

బందరు, గిలకలదిండి, దివిసీమ వైపు పాఠకులకి ఈ ఘట్టం విడమరిచి చెప్పక్కర్లేదు. కృష్ణా డెల్టా నల్లమట్టి తడిసిందంటే పాదాన్ని పట్టుకుని ఓ పట్టాన వదలదు. గీకాలి, రుద్దాలి, ఆ తర్వాతే నీళ్లు పొయ్యాలి. కథ అల్లినవాళ్లకి బురద సంగతి బాగా తెలుసు.

నిజానికి ఈ పరీక్షతో అప్పు జరిగిందని రుజువు కాదు. ఇద్దరిలో ఎవరికి అప్పు అవసరం పడుతుందో మాత్రం తెలుస్తుంది. నేటి న్యాయస్థానంలో ఇది నిలవదు. అయినా కథగా దీని బలం గొప్పది. తమని పరీక్షిస్తున్నారని ఆ ఇద్దరికీ తెలియదు. నాలుక అబద్ధమాడగలదు గానీ, ఏళ్లనాటి అలవాటు ఆ క్షణంలో దాగలేదు.

మిగతా కథల తీరు వేరు. పెళ్లి ఊరేగింపుకి అద్దెకి తెచ్చిన ఏనుగు చచ్చిపోతే, సొమ్ము వద్దు, అదే ఏనుగు కావాలని యజమాని పట్టుబడతాడు. తలుపు వెనక పాతకుండలు పేర్పించి, అతని చేతే తలుపు తోయించి, పగిలిన ఆ కుండలే కావాలని అడిగిస్తాడు రామన్న. పత్తి వర్తకులు తలో కాలు పంచుకున్న పిల్లి కథలో దెబ్బతగిలిన కాలికి కట్టిన నూనెగుడ్డ అంటుకుని పత్తి తగలబడుతుంది. కుంటికాలు నడవలేదు కాబట్టి, పిల్లిని పత్తి మీదికి మోసుకెళ్లిన మూడు కాళ్ల వాటాదారులే నష్టం కట్టాలంటాడు. ఈ రెండింట్లో చమత్కారం ఉంది, పరిశోధన లేదు.

నేతి అప్పులాంటి పరిశోధన కథలు లోకంలో పాతవే. మహోసధుడి బౌద్ధ జాతక కథలో ఒక దారపు ఉండ కోసం ఇద్దరు ఆడవాళ్లు తగువులాడతారు. లోపల ఏ గింజ పెట్టి చుట్టారని అడిగి, ఉండ విప్పించి దొంగని పట్టేస్తాడు మహోసధుడు. చైనాలో 7వ శతాబ్దపు అధికారి డీ రెన్జీ చుట్టూ నేర పరిశోధన కథలు పుట్టాయి. వాటిలో ఒకదాన్ని రాబర్ట్ వాన్ గూలిక్ 1949లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఆధునిక డిటెక్టివ్ కథకి ఆద్యుడిగా చెప్పే ఎడ్గార్ అలన్ పో తన డిటెక్టివ్ డ్యూపిన్‌ని ప్రవేశపెట్టింది 1841లో.

సినిమా రామన్ననీ వదల్లేదు. నటుడు పద్మనాభం నిర్మించిన ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ 1967లో వచ్చింది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గాయకుడిగా పరిచయమైంది ఈ చిత్రంతోనే, కోదండపాణి సంగీతంలో. 2010 నాటి రాజమౌళి ‘మర్యాద రామన్న’కి పేరే తప్ప ఈ కథలతో పొత్తు లేదు.

ఈసారి పిల్లలకి నేతి అప్పు కథ చెప్పేటప్పుడు తీర్పు దాకా ఒక్క ఊపున వెళ్లకండి. చెంబుల దగ్గర ఆగి, “ఇప్పుడు ఎవరిని నమ్ముతావు, ఎందుకు?” అని అడగండి.