క్రిస్మస్ కీర్తన తెలుగైన దారి

నిజాంసాగర్ కాలువ కింద యాసంగికి నార్లు పోసే రోజుల్లోనే నస్రుల్లాబాద్, బాన్సువాడ పల్లెల్లో క్రిస్మస్ పాటలకు వేళవుతుంది. ఇంటింటికీ తిరిగి పాడేవాళ్లకు ఒక డోలక్, రెండు తాళాలు చాలు. కుర్రాళ్లు సినిమా బాణీలో కొత్త పాట ఎత్తుకున్నా, పెద్దవాళ్లు అడిగేది ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలోని పాతదే. ఆ పుస్తకంలో చాలా పాటల నెత్తిన రాగం, తాళం పేర్లు ఉంటాయి. దొరల మతం పాటకు ఈ సొగసు ఎక్కడిది?

తెలుగులో అచ్చయిన మొదటి పుస్తకాలు క్రైస్తవానివే. మిషనరీ బెంజమిన్ షుల్జ్ రాసినవి 1746లో జర్మనీలోని హాలేలో అచ్చయ్యాయి. అవి ప్రశ్నోత్తరాల బోధ, కవిత్వం కాదు. కవిత్వం ప్రబంధం వైపు నుంచి వచ్చింది. పింగళి ఎల్లనార్యుడు ‘సర్వేశ్వర మాహాత్మ్యం’, మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథతో ‘వేదాంత రసాయనం’ రాశారు. పండితులకు అవి విందే గాని, కూలికి పోయొచ్చిన మనిషి సాయంత్రం పూట పాడుకునేవి కావు.

ఆ లోటు తీర్చినవాడు పురుషోత్తమ చౌదరి (1803–1890). గంజాం సీమలో బెంగాలీ బ్రాహ్మణ ఇంట పుట్టి, 1833లో బాప్తిస్మం పుచ్చుకున్నాడు. కొత్త విశ్వాసానికి పాత కీర్తన కట్టునే వాడుకున్నాడు. ఆయన పాటల్లో ముందు వినబడేది పాపి మొర. అందుకే అవి నాకు పండుగ పూట కన్నా ఉపవాసపు రోజున ఎక్కువ నప్పుతాయనిపిస్తుంది.

పండుగకు కావలసిన ప్రేమ మరోచోట దొరికింది, జోలపాటలో. బాలకృష్ణుణ్ణి ఉయ్యాల ఊపడం అన్నమయ్య నాటికే మనకు అలవాటు. బాలయేసుకు లాలి పాడిన కీర్తనకారులు ఆ వాత్సల్యాన్నే తీసుకున్నారు. ఊయల మాత్రం పశువుల తొట్టి అయింది. రైతుకు కొట్టం వాసన కొత్తా? గొల్లలు పరాయివాళ్లా? లోకరక్షకుడని నమ్మినవాడినే ‘చంటివాడా, నిద్రపో’ అని ముద్దు చేయడం విచిత్రమే. భక్తికి, ముద్దుకు మధ్య గోడ కట్టని జాతి కనుక మనవాళ్లకు అది తడబాటు లేకుండా వచ్చింది.

ఆ ప్రేమ పాటలోనే ఆగలేదు, కట్టడంలోనూ కనిపిస్తుంది. నిజాంసాగర్ సీమ క్రైస్తవులకు పెద్ద గుడి మెదక్‌లో ఉంది. కరువు రోజుల్లో మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ పని చూపించి, తిండి పెట్టి కట్టించినది. 1924 డిసెంబర్ 25న, సరిగ్గా పండుగనాడే ప్రతిష్ఠ చేశారు. రంగుటద్దాల కిటికీల్లో యేసు జననం చూపేది 1947లో వచ్చింది. పనికి కూలిగా గింజలు అందుకున్నవాళ్లకు ఆ కట్టడం విశ్వాసమూ, అన్నమూ రెండూ.

కవి గుర్రం జాషువా ప్రేమ వేరు. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కీర్తన దేవుడితో మాట్లాడుతుంది, జాషువా ఆకలినీ అంటరానితనాన్నీ ఎదిరిస్తూ మనుషులతో మాట్లాడాడు. విశ్వాసాన్ని అంత దూరం నడిపించిన తెలుగు పద్యం నాకు మరొకటి తట్టదు. అయినా చలిలో ఇంటి ముందు నిలబడి పాడేవాళ్లు జాషువాను ఎత్తుకోరు. పద్యం ఒక్కడి గొంతు కోరుతుంది. కీర్తనకైతే పల్లవి తిరిగి తిరిగి వస్తుంది కనుక అరుగు మీద కూర్చున్న ముసలమ్మ కూడా అందుకుంటుంది.