స్పిట్‌ఫైర్ మీద మన పేరు: ఆ విమానానికి డబ్బు ఎవరు కట్టారు?

మాది రేణిగుంట. మా ఊరి పేరు చెప్పగానే అందరూ రెండే అడుగుతారు. ఒకటి, "జంక్షన్ కదా, కొండకు పోయేటప్పుడు అక్కడే దిగినాం" అంటారు. రెండోది, "ఎయిర్‌పోర్ట్ మీ ఊర్లోనే కదా" అంటారు. అవును, తిరుపతి ఎయిర్‌పోర్ట్ అని పేరే గానీ ఉండేది రేణిగుంటలోనే. చిన్నప్పుడు నేనూ మా ఫ్రెండ్సూ సైకిళ్ళు గోడ పక్కన ఆనించి విమానం దిగేదాకా అట్లే నిలబడి చూసేవాళ్ళం. అప్పుడు రోజుకు వచ్చే విమానాలు కూడా తక్కువే. ఒక్కటి చూడ్డానికి గంటసేపు ఎండలో కాచుకున్న రోజులున్నాయి.

ఆ పిచ్చి వల్లే ఈరోజు ఎపిసోడ్. రెండో ప్రపంచ యుద్ధంలో ఎగిరిన ఒక ఫైటర్ విమానం, దాని పేరు స్పిట్‌ఫైర్. విమానాల గురించి ఏమీ తెలియనివాళ్ళు కూడా ఫోటో చూస్తే "ఇది ఎక్కడో చూశానే" అంటారు. గేముల్లో ఉంటుంది, సినిమాల్లో ఉంటుంది, ప్లాస్టిక్ మోడల్ కిట్లలో ఉంటుంది. కానీ దాంట్లో మన పేరు కూడా ఉందని మీకు తెలుసా? మన పేరంటే ఊరికే గొప్పకు చెప్పడం లేదు. స్పిట్‌ఫైర్లు నడిపిన ఒక బ్రిటిష్ స్క్వాడ్రన్ అధికారిక పేరులోనే "మద్రాస్ ప్రెసిడెన్సీ" అని ఉంది. ఇంకోదాని పేరులో "హైదరాబాద్" అని ఉంది. ఆ రోజుల్లో చిత్తూరు జిల్లా, అందులో మా రేణిగుంట, మద్రాస్ ప్రెసిడెన్సీలోవే. మరి ఆ పేరు అక్కడికి ఎట్లా పోయింది? దానికి ఎవరు డబ్బు కట్టారు? కట్టినవాళ్ళకు ఏం దక్కింది? ఈరోజు కథ ఇదే.

ముందు విమానం సంగతి చూద్దాం. దీన్ని డిజైన్ చేసినాయన పేరు ఆర్.జె. మిచెల్. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో సూపర్‌మెరీన్ అనే కంపెనీలో పనిచేసేవాడు. అంతకుముందు నీళ్ళ మీద దిగే రేసు విమానాలు చేసేవాడు. 1931లో ష్నైడర్ ట్రోఫీ గెలిచింది ఆయన చేసిన విమానమే. 1933లో ఆయనకు క్యాన్సర్‌కి పెద్ద ఆపరేషన్ అయింది. అయినా పని ఆపలేదు. 1936 మార్చి 5న స్పిట్‌ఫైర్ మొదటిసారి గాల్లోకి లేచింది. మరుసటి సంవత్సరం జూన్‌లో మిచెల్ చనిపోయాడు. వయసు 42. తన విమానం 1938లో వాయుసేనలో చేరడం గానీ, యుద్ధంలోకి దిగడం గానీ ఆయన చూడలేదు.

స్పిట్‌ఫైర్‌ని గుర్తుపట్టేది రెక్కలతో. కోడిగుడ్డు ఆకారాన్ని పొడుగ్గా సాగదీస్తే ఎట్లుంటుందో అట్లుంటాయి. అందం కోసం అలా చేయలేదండి. వేగంగా పోవాలంటే రెక్క పల్చగా ఉండాలి. కానీ అదే రెక్కలో ఎనిమిది మెషిన్ గన్లు, తూటాలు, మడత పడే చక్రాలు పట్టాలి. పల్చగానూ ఉండాలి, లోపల చోటూ ఉండాలి. అందుకే మొదట్లో వెడల్పుగా మొదలై చివరకు గుండ్రంగా సన్నబడే రెక్క వేశారు. గాలి నిరోధం కూడా తగ్గింది. ముందు భాగంలో రోల్స్ రాయిస్ వాళ్ళ మెర్లిన్ ఇంజన్, పన్నెండు సిలిండర్లు, 27 లీటర్లు. మొదటి రకమే గంటకు సుమారు 580 కిలోమీటర్ల వేగం అందుకునేది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఆ రెక్క తయారు చేయడం చాలా కష్టం. ఇంకో సమస్య, పైలట్ ముక్కు కిందికి వంచి ఒక్కసారిగా డైవ్ కొడితే, కార్బ్యురేటర్ వల్ల ఇంజన్ ఒక్క క్షణం ఆగిపోయేది. జర్మన్ విమానాలకు ఆ బాధ లేదు. మరి దీన్ని సరిచేసింది ఎవరు? బియట్రిస్ షిల్లింగ్ అనే మహిళా ఇంజనీర్. ఆమె మోటార్ సైకిల్ రేసర్ కూడా. 1941లో మధ్యలో చిన్న రంధ్రం ఉన్న ఒక లోహపు బిళ్ళ చేసి ఇంధనం దారిలో పెట్టించింది. అంత చిన్న బిళ్ళ ఎంతోమంది పైలట్ల ప్రాణం మీది భయం తీసేసింది.

ఇప్పుడు 1940కి వద్దాం. ఫ్రాన్స్ ఓడిపోయింది. హిట్లర్ ఇంగ్లండ్ మీదికి రావాలంటే ముందు ఆకాశం గెలవాలి. జూలై నుంచి అక్టోబర్ చివరిదాకా జరిగిన ఆ గాలి యుద్ధమే బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్. ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆ యుద్ధంలో ఎక్కువ శత్రు విమానాల్ని కూల్చింది స్పిట్‌ఫైర్ కాదు, హరికేన్ అనే ఇంకో విమానం. సంఖ్యలో కూడా హరికేన్లే ఎక్కువ. కానీ పేరంతా స్పిట్‌ఫైర్‌కే వచ్చింది. ఎందుకు? అందం ఒక కారణం. పేరు ఒక కారణం, నిప్పులు కక్కే మనిషి అన్నట్టు ఉంటుంది. ఇంకో కారణం ఉంది. దాన్ని జనం "కొన్నారు".

1940 వేసవిలో బ్రిటన్ విమానాల ఉత్పత్తి మంత్రి లార్డ్ బీవర్‌బ్రుక్. ఆయన హయాంలో స్పిట్‌ఫైర్ ఫండ్లు ఊరూరా పుట్టుకొచ్చాయి. ఒక విమానం ధర 5,000 పౌండ్లు అని లెక్క కట్టి చెప్పారు. అసలు ఖర్చు ఇంకా ఎక్కువే, కానీ జనానికి గుర్తుండే అంకె కావాలి కదా. అంత డబ్బు పోగు చేస్తే ఆ ఊరి పేరో, సంఘం పేరో విమానం పక్కన రాసేవాళ్ళు. ఇళ్ళల్లో అల్యూమినియం గిన్నెలు కూడా ఇమ్మన్నారు. పిల్లలు డబ్బీల్లో దాచుకున్న చిల్లర ఇచ్చారు. ఆలోచించండి, ఈరోజు మనం క్రౌడ్ ఫండింగ్ అంటున్నామే, అదే పని. ఆ పిల్లవాడు ఆకాశంలో ఒక స్పిట్‌ఫైర్ కనిపిస్తే "అది నాది" అనుకోవచ్చు.

ఇదే ఫండు సముద్రం దాటి మన దేశానికి కూడా వచ్చింది. అప్పుడు పౌండుకు 13 రూపాయల 5 అణాల చిల్లర. అంటే ఒక స్పిట్‌ఫైర్‌కి సుమారు 66 వేల రూపాయలు. కూలికి పోతే రోజుకు అణాల్లో వచ్చే కాలం అది. మద్రాస్ ప్రెసిడెన్సీ ఇచ్చిన విరాళాలకు గుర్తుగా బ్రిటిష్ వాయుసేనలో మూడు స్క్వాడ్రన్లకు ఆ పేరు పెట్టారు. 79వది, 234వది, 264వది. వీటిలో 234 (మద్రాస్ ప్రెసిడెన్సీ) స్క్వాడ్రన్ బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో స్పిట్‌ఫైర్లు నడిపింది. దాని చిహ్నం మంటలు కక్కే డ్రాగన్. లాటిన్‌లో ఉన్న దాని నినాదానికి అర్థం, నిప్పునూ చావునూ కక్కుతాం అని.

ఇటు హైదరాబాద్‌లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఆయనకు ఇది కొత్త కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలోనే ఒక బాంబర్ స్క్వాడ్రన్‌కి డబ్బిచ్చాడు, అది 110 (హైదరాబాద్) స్క్వాడ్రన్. రెండో యుద్ధంలో 152 (హైదరాబాద్), 253 (హైదరాబాద్ స్టేట్) వచ్చాయి. 152 స్క్వాడ్రన్ ఇంగ్లండ్ దక్షిణ తీరంలో వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్లతో పోరాడింది. దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. నినాదం "నమ్మకమైన మిత్రుడు" అని. నిజాంకి బ్రిటిష్ వాళ్ళిచ్చిన బిరుదు కూడా అదే.

ఇంతవరకు వింటే ఛాతీ పొంగుతుంది కదా? నాకూ మొదట అట్లే అయింది. "మన తెలుగువాళ్ళ డబ్బుతో లండన్‌ని కాపాడాం" అని స్టేటస్ పెట్టేద్దాం అనిపించింది. కానీ కొంచెం ఆగండి.

1939 సెప్టెంబర్‌లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఇండియా కూడా యుద్ధంలో ఉందని ప్రకటించాడు. మన నాయకుల్ని ఒక్క మాట అడగలేదు. దానికి నిరసనగా కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. మద్రాసులో రాజాజీ ప్రభుత్వం అక్టోబర్‌లో దిగిపోయింది. అంటే మద్రాస్ ప్రెసిడెన్సీ పేరుతో విరాళాలు పోగైనప్పుడు, ఆ ప్రెసిడెన్సీలో జనం ఎన్నుకున్న ప్రభుత్వమే లేదు. గవర్నర్ పాలన. 1940 అక్టోబర్ 17న వ్యక్తి సత్యాగ్రహం మొదలైంది. అందులో సత్యాగ్రహులు చెప్పిన మాట ఏమిటంటే, బ్రిటిష్ యుద్ధానికి డబ్బుతో గానీ మనుషులతో గానీ సాయం చేయడం తప్పు అని. ఆ మాట అన్నందుకే అరెస్టులు. ప్రకాశం పంతులు గారూ ఇందులో జైలుకు పోయారు. అదే నెలలో ఇంగ్లండ్ ఆకాశంలో స్పిట్‌ఫైర్లు ఇంకా పోరాడుతున్నాయి. ఒకే పేరు, మద్రాస్ ప్రెసిడెన్సీ. ఆ పేరు ఒక స్క్వాడ్రన్‌కి గౌరవం. ఆ ప్రెసిడెన్సీలోనే "మా డబ్బు ఇవ్వం" అన్నవాళ్ళకు జైలు.

యుద్ధ నిధికి ఒత్తిడి పెట్టి వసూలు చేస్తున్నారని అప్పుడే ఫిర్యాదులు వచ్చాయి. మనస్ఫూర్తిగా ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. హిట్లర్ గెలిస్తే లోకం ఏమవుతుందో అని నిజంగా భయపడినవాళ్ళూ ఉన్నారు. ఆ భయం తప్పు కాదు. కానీ ఇష్టంతో ఇచ్చిన రూపాయి, అమల్దారు ఎదురుగా నిలబడితే ఇచ్చిన రూపాయి, రెండూ రసీదులో ఒకేలా కనిపిస్తాయి. విమానం మీద రాసిన పేరులోనూ అంతే.

ఇప్పుడు అసలు బాధపెట్టే భాగం. 1942 ఏప్రిల్ 6. జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మన తీరం, మన జనం. ప్రాణాలు పోయాయి. మద్రాసులో భయంతో జనం ఇళ్ళకు తాళాలు వేసి రైళ్ళెక్కి లోపలి జిల్లాలకు పారిపోయారు. ఆఫీసులు కూడా లోపలి ఊళ్ళకు మారాయి. ఆ రోజు మన పేరున్న స్క్వాడ్రన్లు ఎక్కడున్నాయి? మన ఆకాశంలో మాత్రం లేవు. అసలు ఆ రోజుకి ఇండియా మొత్తంలో ఒక్క స్పిట్‌ఫైర్ ఫైటర్ కూడా లేదు. స్పిట్‌ఫైర్ ఫైటర్లు మన దేశానికి వచ్చింది 1943 చివర్లో. గొడుగు కొనివ్వమని మన దగ్గర డబ్బు తీసుకున్నారు, దాని మీద మన పేరూ రాశారు, వాన మాత్రం మన నెత్తిన పడింది.

ఆ తర్వాత కథ విచిత్రంగా తిరుగుతుంది. నిజాం పేరున్న 152 స్క్వాడ్రన్ చివరికి ఇటే వచ్చింది, బర్మా యుద్ధంలో జపాన్ మీద పోరాడింది. 234 స్క్వాడ్రన్‌లో పేరు తెచ్చుకున్న బాబ్ డో అనే పైలట్ కూడా ఇండియాకు వచ్చి, 1943 చివర్లో మన వాయుసేన 10వ స్క్వాడ్రన్‌ని మొదటి నుంచి తయారు చేసి బర్మా యుద్ధానికి నడిపించాడు. మన పైలట్ల చేతికి కూడా 1944లో స్పిట్‌ఫైర్లు వచ్చాయి. 1947లో కాశ్మీర్‌లో, షాలటెంగ్ పోరులో, స్వతంత్ర భారత వాయుసేన స్పిట్‌ఫైర్లు ఎగిరాయి. అప్పుడు ఆ విమానం మొదటిసారి నిజంగా మనది అయింది.

మరి నిజాం? 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ వచ్చింది. భారత వాయుసేన టెంపెస్ట్ విమానాలు హైదరాబాద్ సంస్థానంలోని ఎయిర్‌ఫీల్డుల మీద దాడి చేశాయి. బ్రిటన్‌కి స్క్వాడ్రన్లు ఇచ్చినాయనకు ఎదురు పంపడానికి సొంత ఫైటర్లు లేవు. "నమ్మకమైన మిత్రుడి" కోసం బ్రిటన్ కదలలేదు. అంతకుముందు ఆయనకు దొంగచాటుగా ఆయుధాలు విమానాల్లో చేరవేసింది సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్. ఆయనెవరో తెలుసా? యుద్ధం మొదట్లో స్పిట్‌ఫైర్ నుంచి తుపాకులు తీసేసి, కెమెరాలు పెట్టి, ఎత్తు నుంచి ఫోటోలు తీయొచ్చని చూపించిన మనిషి.

మొత్తం ఇరవై వేలకు పైగా స్పిట్‌ఫైర్లు తయారయ్యాయి. సౌతాంప్టన్ ఫ్యాక్టరీల మీద బాంబులు పడితే, గ్యారేజీల్లో, లాండ్రీల్లో, బస్ డిపోల్లో భాగాలు చేశారు. ఈరోజుకీ కొన్ని ఎగురుతున్నాయి. ఢిల్లీ పాలంలోని వాయుసేన మ్యూజియంకి పోతే మీరూ ఒకటి చూడొచ్చు.

నేను ఇప్పటికీ ఆ విమానాన్ని ఇష్టపడతాను. ఆ రెక్క చూస్తే గోడ పక్కన సైకిల్‌తో నిలబడ్డ పిల్లవాడినే అయిపోతాను. కానీ ఇకమీద ఎవరైనా "ఇది ఇంగ్లండ్‌ని కాపాడిన విమానం" అంటే, దాని ఖర్చులో ఎవరెవరి అణాలు ఉన్నాయో కూడా చెబుతాను. చిత్తూరు జిల్లా రైతు ఇచ్చి ఉండొచ్చు, ఇవ్వనని ఒకాయన జైలుకు పోయి ఉండొచ్చు. ఇద్దరి పేర్లూ ఏ విమానం మీదా లేవు. ఇద్దరినీ కలిపి ఒకే మాటలో "మద్రాస్ ప్రెసిడెన్సీ" అని రాసేశారు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ఒకసారి అడగండి, యుద్ధం రోజుల గురించి వాళ్ళ అమ్మానాన్నలు ఏం చెప్పేవాళ్ళో. ఆ మాటలు ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి. స్క్వాడ్రన్ పేర్లు మ్యూజియంలో భద్రంగా ఉంటాయి. ఆ అణాల కథలు మాత్రం మనం అడక్కపోతే పోతాయి.