చిల్లరకు వట్టం ఎందుకు పోలేదు

రెడ్డిగూడెం లాంటి మామిడి సీమలో వేసవి డబ్బు నోట్ల కట్టలుగా వస్తుంది. తోట పట్టిన వ్యాపారి చేతి నుంచి కోత కూలీలకు, వాళ్ల నుంచి సోడా బండికి, కిళ్లీ కొట్టుకు చేరేసరికి చిల్లరవుతుంది. నోటు విరగడం తేలిక, మళ్లీ నోటు కావడమే కష్టం. ఆ నాణేలు ఎక్కడ మార్చుకోవాలంటే చట్టం బ్యాంకును చూపిస్తుంది. ఈ ప్రాంతపు చరిత్ర చూస్తే మాత్రం, చిల్లర ఎవరికి అవసరమో వాళ్ల గడపే ఎప్పుడూ మారకం చోటు. అలాంటివాళ్లు దగ్గర్లో లేనప్పుడు పడే ఖర్చే వట్టం. నాణెం మీద విలువ ముద్రించినంత మాత్రాన అది పోదు.

1794లో ఈస్టిండియా కంపెనీ, ఈ ప్రాంతం కూడా ఉన్న ఉత్తర సర్కారుల కోసం బర్మింగ్‌హామ్‌లోని సోహో టంకశాలలో రాగి నాణేలు కొట్టించింది. రూపాయికి నలభై ఎనిమిదని వాటి మీదే అచ్చు వేయించింది. కానీ కూలీ, కూరగాయలు నడిచేది రాగిలో. శిస్తు లెక్క వెండి బంగారాలలో. రాగి నుంచి వెండికి ఎక్కాలంటే మధ్యలో నాణేలు మార్చే షరాబు ఉండాల్సిందే. వట్టమంటే షరాబుల దోపిడీయే కదా అనవచ్చు. కొంత నిజమే. ఆర్కాటు రూపాయి, బందరులో ఫ్రెంచివారు కొట్టిన రూపాయి ఒకే బజారులో తిరుగుతుంటే, ఏ వెండి ఎంత మేలైనదో తెలిసినవాడికి మోసం చేయడం చిటికెలో పని. అయితే వట్టం ఒట్టి మోసమే అయితే 1835లో కంపెనీ ఏలుబడి అంతటికీ ఒకే రూపాయి వచ్చాక అది మాయమై ఉండాలి. పోయింది నాణ్యం చూసే పని ఒక్కటే; లెక్కించడం, మోయడం మిగిలాయి. పైగా ఉత్తరాన బండి ప్రయాణ దూరంలోనే నిజాం రాజ్యం. అక్కడి రూపాయి హాలీ సిక్కా; దాని మారకం లెక్క వంద ఇంగ్లీషు రూపాయలకు సుమారు 116 రూపాయల 10 అణాల 8 పైలు. ఆ సిక్కా 1959 దాకా బతికింది.

ఒక్కోసారి వట్టం తిరగబడింది కూడా. చిల్లర కరువు ముదిరి, నాణేలను కరిగించడం, దాచిపెట్టడం నేరమంటూ 1971లో కేంద్రం ప్రత్యేక చట్టమే చేసింది. అలాంటి కాలంలో చిల్లర ఉన్నవాడే షరాబు. మిగతావాళ్లకు చిల్లర బదులు చాక్లెట్ దక్కేది. దాన్ని వట్టమని ఎవరూ అనలేదు గానీ, అది వట్టమే.

ఇప్పుడు చట్టం స్పష్టంగానే ఉందనేది రెండో అభ్యంతరం. 2011 నాణేల చట్టం ప్రకారం రూపాయి, ఆపై నాణేలతో ఒకసారికి వెయ్యి రూపాయల దాకా చెల్లించవచ్చు. బ్యాంకులో జమకు ఆ పరిమితి లేదు. రూపాయి, రెండు రూపాయల నాణేలను తూకం వేసైనా తీసుకోమని రిజర్వు బ్యాంకు చెప్పింది. కానీ 2021 సెప్టెంబరు నుంచి అదే రిజర్వు బ్యాంకు సంచికి 65 రూపాయల చొప్పున బ్యాంకులకు ప్రోత్సాహకం ఇస్తున్నది నాణేలు పంచినందుకు. వెనక్కి తీసుకునే శ్రమకు అలాంటి పైకం లేదు. కౌంటరు దగ్గర విసుగు ఎందుకో వేరే వెతకక్కర్లేదు. ఇక పది రూపాయల నాణెం సంగతి: పద్నాలుగు నమూనాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించినా, అది చెల్లదన్న వదంతి నమ్మిన కొట్టువాడు వద్దంటే ఆ పూటకు దాని వట్టం నూటికి నూరు. తిరుమల దేవస్థానం ఈ మర్మం బాగా పట్టుకుంది. హుండీ నాణేలు పేరుకుపోతుంటే, 2021లో వాటిని పసుపు కుంకుమలతో పొట్లాలుగా కట్టి ‘ధన ప్రసాదం’ పేరిట భక్తులకు నోట్లకు మారకంగా ఇచ్చింది. విలువ మారలేదు, కోరుకునేవాళ్లు దొరికారు.

ఫోన్ చెల్లింపులతో ఈ గొడవే తీరిందంటారు. నాణేలు అవసరమైన గడపలు తగ్గాయి, నిజమే. ఇప్పటికే గల్లాలో, డబ్బాలో ఉన్న నాణేలు మాత్రం ఎక్కడికీ పోలేదు. కిళ్లీ కొట్టువాడు ఫోనుకు మళ్లాక వాటిని అడిగేది బస్సు కండక్టరు, గుడి హుండీ. హుండీ కాదనదు, కాకపోతే నోటు తిరిగివ్వదు.