నంబరు ప్లేటు మీద తల్లి, నుదుటి మీద కొడుకు

మా ఇంటి అటక మీద ఒక ఇత్తడి బిందె ఉంది. దాని మెడ దగ్గర చుక్కలు చుక్కలుగా అమ్మమ్మ పేరు, పక్కన పెండ్లి తేదీ కొట్టించి ఉంటాయి. సొట్టలు పడింది, అడుగున నీళ్లు కారుతుంది, అయినా ఎవరికీ దాన్ని తూకానికి వెయ్యబుద్ధి కాలేదు. నర్సంపేటలో స్టీలు సామాన్ల దుకాణానికి వెళ్తే బిల్లు రాసే ముందు ఇప్పటికీ అడుగుతారు, "పేరేం కొట్టాలె?" అని. ఆడపిల్లకు పెట్టే గంజు మీద, పెద్దాయన దినాలకు పంచే గ్లాసు మీద ఆ చిన్న మిషను గరగరమంటూ పేర్లు చెక్కుతూనే ఉంటుంది. గుడి మెట్ల మీదా, బస్ షెల్టర్ గోడ మీదా "జ్ఞాపకార్థం" అన్న మాట కనబడని ఊరు మన దగ్గర అరుదు. వస్తువు చేతులు మారినా మనిషి పేరు దానితో పాటు తిరగాలన్నది పాత కోరిక.

ఆ బిందెను చదివిన కళ్లతోనే నేను నర్సంపేట బస్టాండులో బస్సులను చదవడం మొదలుపెట్టాను. ఏ ఊరికి పోతుందో చెప్పే బోర్డును కాదు, ఎవరూ పట్టించుకోని మిగతా అక్షరాలను. ఒక్కొక్కటే తెలుసుకుంటూ పోతే, ఈ బస్సుల మీద కూడా ఇంటి మనుషులే ఉన్నారు. ఒక తల్లి, ఒక కొడుకు. ఒకప్పుడు ఒక కూతురు కూడా ఉండేది.

తల్లి నంబరు ప్లేటు మీద ఉంది. ఆర్టీసీ సొంత బస్సు ఏదైనా చూడండి, నంబరు మధ్యలో జడ్ అనే అక్షరం ఉంటుంది. మొదట ఏపీ 36 జడ్, తర్వాత టీఎస్ 03 జడ్. మన దగ్గర పోలీసు బండికి పి అక్షరం. లారీలు, ఆటోలు, ట్యాక్సీల వంటి కిరాయి బండ్లకు టి నుంచి వై దాకా. జడ్ ఒక్కటి ఆర్టీసీది. డిపో అద్దెకు తీసుకుని నడిపే బస్సులకు రంగు అదే, బోర్డు అదే, టికెట్టు అదే. కానీ బండి ప్రైవేటు యజమానిది కాబట్టి జడ్ ఉండదు. నర్సంపేట డిపో గేటు ముందు పది నిమిషాలు నిలబడితే ఏది సొంత బస్సో, ఏది అద్దె బస్సో స్కూలు పిల్లలు కూడా చెప్పేయగలరు.

ఆ జడ్ జహ్రా బేగం పేరులోని మొదటి అక్షరం అన్నది ఆర్టీసీ వాళ్లలో తరతరాలుగా నడుస్తున్న మాట. ఆమె ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తల్లి. నేను మొదట విన్నది ఒక రిటైరైన కండక్టరు నోట. "ఊరూరికీ తల్లి పేరు పోవాలె అని పెట్టిండట బిడ్డా" అన్నాడాయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చెయ్యి బస్సు రేకు మీద ఉంది, ఇంట్లో బర్రెను నిమిరినట్టు.

నేను ఆ మాటను నమ్ముతాను. నిజాం పేర్లు పెట్టిన తీరు చూస్తే నమ్మాలనే అనిపిస్తుంది. వరంగల్‌లో 1934లో మొదలై వేల ఇళ్లకు అన్నం పెట్టిన ఆజంజాహి మిల్లు ఆయన పెద్ద కొడుకు ఆజం జాహ్ పేరు మీదిది. హైదరాబాద్‌లో మొజంజాహి మార్కెట్ రెండో కొడుకుది. దారుల్‌షిఫాలో మూసీ ఒడ్డున ఉన్న అజాఖానా-ఎ-జహ్రాను తల్లి పేరున కట్టించాడు. కొడుకులకు మిల్లు, మార్కెట్ రాసిచ్చిన మనిషి బస్సులను తల్లికి రాసిచ్చాడంటే అందులో వింతేముంది?

బస్సులు మొదలైంది 1932 జూన్ 15న. అప్పుడున్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. అది విడి సంస్థ కూడా కాదు, నిజాం రాష్ట్ర రైల్వేలో ఒక శాఖ. రైల్వే 1930లోనే ఇంగ్లండు కంపెనీ చేతిలోంచి నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. రైలు నడిపే వాళ్లే రోడ్డు మీద కూడా బండ్లు నడపాలన్న ఆలోచన అలా పుట్టింది. ఈ సంగతి నర్సంపేట వాళ్లకు కొంచెం ఎక్కువగా తగులుతుంది. కాజీపేట నుంచి బెజవాడ పోయే రైలుమార్గం మీద మాకు దగ్గరి స్టేషన్ నెక్కొండ. రైలు అక్కడిదాకే, నర్సంపేటకు పట్టాలు లేవు. వరంగల్ పెద్దాసుపత్రికి పోవాలన్నా, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ధర కనుక్కోవాలన్నా, పాకాల చెరువు చూడటానికి వచ్చిన చుట్టాలను తీసుకుపోవాలన్నా మాకు బస్సే రైలు.

ఆ మొదటి బస్సులు స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరం నుంచి ఓడెక్కి వచ్చినవి. కంపెనీ పేరు ఆల్బియన్. రేడియేటరు మీద ఉదయించే సూర్యుడి బొమ్మ దాని గుర్తు. పొద్దు పొడవడం ఎంత ఖాయమో మా బండి కదలడం అంత ఖాయం అని వాళ్ల ప్రచారం. 1932 నాటి ఆల్బియన్ బస్సు ఒకదాన్ని హైదరాబాద్ బస్‌భవన్‌లో దాచి ఉంచారు. దాన్ని డక్కన్ క్వీన్ అంటారు. ఇవాళ్టి బస్సు పక్కన అది తూనీగంత కనిపిస్తుంది.

అదే ఇంటి నుంచి ఇంకో బండి కథ ఉంది. జహ్రా బేగం భర్త, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం ఇంగ్లండులో ఒక రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ తయారైంది. పసుపు రంగు, బార్కర్ కంపెనీ బాడీ, వెనక సింహాసనంలా ఎత్తయిన సీటు. కానీ 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. బండి పూర్తయ్యేసరికి కూర్చోవాల్సిన మనిషి లేడు. ఊరేగింపులకు తప్ప బయటికి తీయని ఆ కారు మూడు దశాబ్దాలు దాటినా నాలుగు వందల మైళ్లు కూడా తిరగలేదని కార్ల చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. నర్సంపేట నుంచి వరంగల్‌కు రోజూ తిరిగే బస్సు ఆ దూరాన్ని నాలుగైదు రోజుల్లో దాటేస్తుంది. భర్త కారు దివాణంలో మెరుస్తూ ఉండిపోయింది, భార్య పేరులోని అక్షరం దుమ్ము కొట్టుకుంటూ దుగ్గొండి, నల్లబెల్లి, చెన్నారావుపేట తిరుగుతూ ఉంది. పాత కార్ల అందం నాకూ ఇష్టమే. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల కార్ల ముందు నేను గంటలు గడిపాను. అయినా ఈ రెండింట్లో ఏది గొప్ప బండి అని అడిగితే నేను ఆలోచించకుండా చెబుతాను.

బస్సు అన్న మాటలోనే ఆ జవాబు ఉంది. 1820లలో ఫ్రాన్స్‌లోని నాంత్ పట్టణంలో అందరూ ఎక్కే గుర్రపు బండికి ఓమ్నిబస్ అని పేరు వచ్చింది. అది లాటిన్ మాట, అర్థం "అందరికీ". వాడుకలో మొదలంతా అరిగిపోయి చివరి "బస్" ఒక్కటే మిగిలింది. అది లాటిన్‌లో ఒట్టి విభక్తి ప్రత్యయం. మనం "అందరికీ" అన్న మాటలో "అందరి" వదిలేసి బండిని "కీ" అని పిలిస్తే ఎలా ఉంటుందో, ప్రపంచమంతా రోజూ చేస్తున్నది అదే. బడిలో చతుర్థీ విభక్తి అప్పజెప్పలేక గోడ కుర్చీ వేసిన నాకు, నేను ఎక్కి వెళ్లిందే చతుర్థీ విభక్తి అని తెలిసిన రోజు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మాటల దగ్గరే ఇంకొకటి. అరబ్బీలో జహ్రా అంటే వెలుగులీనేది అని అర్థం. ఆల్బియన్ ముఖాన పొద్దుపొడుపు బొమ్మ. మా ఊళ్లకు తిరిగే బస్సు పేరు పల్లె వెలుగు. ఎవరూ కూర్చుని కలపలేదు, ఎవరికి వారు పెట్టిన పేర్లు. మూడూ ఒకే అర్థంతో కలిశాయి.

ఇక కొడుకు. బస్సు నుదుటి మీద అశోక్ లేలాండ్ అని చూసి చాలామంది అశోక చక్రవర్తి అనుకుంటారు. కాదు. పంజాబుకు చెందిన రఘునందన్ శరణ్ 1948లో మద్రాసులో అశోక్ మోటార్స్ పెట్టాడు. అశోక్ ఆయన కొడుకు పేరు. మొదట్లో అక్కడ బిగించినవి ఆస్టిన్ ఏ40 కార్లు. 1955లో ఇంగ్లండు లేలాండ్ కంపెనీ వాటా తీసుకోవడంతో పేరు అశోక్ లేలాండ్ అయింది. ఆ లేలాండే అంతకు ముందు, 1951లో, గ్లాస్గో ఆల్బియన్‌ను కొనేసింది. అంటే నిజాం తెప్పించిన మొదటి బస్సుకూ, ఇవాళ నర్సంపేట డిపోలో నిలబడ్డ బస్సుకూ వేలువిడిచిన చుట్టరికం ఉంది. ఆల్బియన్ తన బస్సు ఛాసిస్‌కు పెట్టిన వైకింగ్ అనే పేరే తర్వాత అశోక్ లేలాండ్ బస్సు ఛాసిస్‌కూ వచ్చింది. ఆ వైకింగ్‌లు మన ఆర్టీసీలో ఏళ్ల తరబడి నడిచాయి. ఉత్తర సముద్రాల ఓడల మనుషుల పేరు పెట్టుకున్న బండి, మక్క చేల మధ్య దారిలో కోడిపుంజులనూ వడ్ల బస్తాలనూ మోసింది.

కూతురి కథ లారీలతో వచ్చింది. 1954 నుంచి 1969 దాకా టాటా వాళ్లు జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో కలిసి లారీలు, బస్సు ఛాసిస్‌లు చేశారు. వాటి మీద టాటా మెర్సిడెస్ బెంజ్ అని ఉండేది. పాత డ్రైవర్లు ఇప్పటికీ బెంజి లారీ అనడం అందుకే. మెర్సిడెస్ ఒక పిల్ల పేరు. ఎమిల్ యెలినెక్ అనే వ్యాపారి డైమ్లర్ కార్లు కొని, కూతురి పేరుతో పందేలకు దింపేవాడు. తర్వాత కొత్త బండికే ఆ పేరు పెట్టించాడు. 1902లో అది కంపెనీ గుర్తుగా రిజిస్టరైంది. స్పానిష్‌లో ఆ మాటకు దయ అని అర్థం. పేరు అంత వెలిగినా ఆ అమ్మాయి బతుకు చల్లగా సాగలేదు. 1929లో, నలభై నిండకుండానే, వియన్నాలో చనిపోయింది.

బస్సులు పోని దారుల్లో జీపులు తిరిగేవి కాబట్టి వాటి గురించీ ఒక మాట చెప్పి వదిలేస్తాను. ఆ జీపులు చేసిన మహీంద్రా అండ్ మహీంద్రా 1945లో పుట్టినప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. ఆ మొహమ్మద్, మాలిక్ గులాం మొహమ్మద్, అంతకు ముందు మన నిజాం కొలువులోనే ఆర్థిక మంత్రిగా పని చేసినవాడు. దేశ విభజన తర్వాత పాకిస్తాన్‌కు వెళ్లి తొలి ఆర్థిక మంత్రి, తర్వాత గవర్నర్ జనరల్ అయ్యాడు. 1948లో కంపెనీ పేరు మారింది, రెండో అక్షరం మాత్రం ఎం గానే మిగిలింది.

నంబరు ప్లేటు మీది అంకెల్లో మాత్రం మనుషులు లేరు, ఇంగ్లీషు అక్షరమాల ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో ఆదిలాబాద్ 1, అనంతపురం 2, అలా వరుసగా పోయి వరంగల్‌కు 36 వచ్చింది. మా తర్వాత పశ్చిమ గోదావరి ఒక్కటే, 37. తెలంగాణ రాష్ట్రం వచ్చాక మాకు టీఎస్ 03, 2016లో జిల్లా విడిపోయాక టీఎస్ 24, 2024 మార్చి నుంచి టీజీ. ఊరు కదలకుండానే పలక ఇన్నిసార్లు మారింది. పైన సంస్థ పేరూ అలాగే మారుతూ వచ్చింది. 1951 నవంబరులో బస్సులు రైల్వే నుంచి హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వానికి వచ్చాయి. 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ ఏర్పడింది. తర్వాత టీఎస్, ఇప్పుడు టీజీ. జడ్‌ను ఎవరూ ముట్టుకోలేదు.

2023 డిసెంబరు 9 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. అసలే లేదని కాదు, ఉంది, సున్నా టికెట్టు. చిల్లర లేక కండక్టరు టికెట్టు వెనక రాసిచ్చిన రూపాయల కోసం దిగేటప్పుడు తోసుకుంటూ వెళ్లిన రోజులు అమ్మకు గుర్తున్నాయి. అందుకేనేమో, ఇప్పుడు ఆ సున్నా టికెట్లను కూడా పారెయ్యకుండా మడిచి సంచిలో పెట్టుకుంటుంది.

పోయిన నెల నెక్కొండలో చుట్టాల ఇంటికి బయలుదేరినప్పుడు, బస్సు ముందు నిలబడి నేను ఆమెకు ఈ జడ్ కథ చెప్పాను. తల్లి మీద ప్రేమతో కొడుకు పెట్టించిన అక్షరమట అన్నాను. అమ్మ ప్లేటు వైపు కాసేపు చూసింది.

"మరి ఆ తల్లి ఎన్నడన్న బస్సెక్కిందా బిడ్డా?" అని అడిగింది.

అంతలో డ్రైవరు ఎక్కాడు. అమ్మ కొంగు నడుముకు చెక్కుకుని, నాకంటే ముందే ఎక్కి కిటికీ పక్క సీటు పట్టుకుంది.